పచ్చనీళ్ల లెక్క: బ్యారేజీ ఒడ్డున మొదలై కొల్లేరు దాకా

మార్చి 9, ఆదివారం

రోజూ సీతానగరం నుంచి స్కూటీ మీద కృష్ణానది మీది ప్రకాశం బ్యారేజీ దాటి విజయవాడ సూర్యారావుపేట వెళ్తాను. ఓ చిన్న ల్యాబ్‌లో టెక్నీషియన్ని. పొద్దుట ఏడింటి నుంచి నా చేతిలో తిరిగేవి రక్తం, మూత్రం, కఫం. నది నీళ్లు పరీక్షించాలన్న ఆలోచన ఇన్నేళ్లలో ఒక్కసారీ రాలేదు.

నిరుడు (2024) సెప్టెంబరు వరదలో ఈ బ్యారేజీ కింద నుంచే 11 లక్షల క్యూసెక్కులకు పైగా ఎర్రనీళ్లు ఉరికాయి. ఇప్పుడు షట్టర్లు దించేసి ఉన్నాయి, నీళ్లు కదలడం లేదు. ఒడ్డు పొడవునా మూరెడు వెడల్పున పచ్చటి అంచు, ఎవరో చీరకి బోర్డరు కుట్టినట్టు. నిన్న సాయంత్రం బండి ఆపి కిందికి దిగి చూస్తే ఆ అంచు అంతా ఒక్కలా లేదు. మెట్ల మీద జుట్టులా వేలాడుతోంది. కొంచెం అవతల, సందు మురుగు కలిసేచోట, గోడలకి వేసే డిస్టెంపరు ఒలికినట్టుంది.

వల సర్దుకుంటున్న ఒకాయన నా సీసా చూసి, "ఏంటమ్మా, టెస్టుకా? ఏటా ఉండేదే ఇది. షట్టర్లు దించాక నీళ్లు పాచెక్కుతాయి, వరదొస్తే కొట్టుకుపోతాయి" అన్నాడు. రెండు ముక్కల్లో అంతా చెప్పేశాడు. కానీ ఎందుకు పాచెక్కుతాయి? అక్కడే ఎందుకు అంత? అది తెలుసుకోవడమే ఈ డైరీ పని.

ఇది ఇప్పుడు చెరువే అన్నానని మా మరిది అప్పుడే వాదన పెట్టుకున్నాడు: "నది కదా వదినా, చెరువంటావేంటి?" 1957లో ఈ బ్యారేజీ కట్టిందే నీళ్లు ఆపడానికి. షట్టర్లు దించితే వెనకాల 3.07 టీఎంసీలు నిలబడతాయి. నిలబడ్డ నీళ్లకి నది రూల్సు పనికిరావు, చెరువు రూల్సే.

మార్చి 10

రెండు తేలిక పరీక్షలు, డబ్బు ఖర్చు లేనివి. ఒకటి కర్ర పరీక్ష: పుల్లతో లేపితే దారాల్లా పైకొస్తే అది తీగ నాచు. రాకుండా పుల్లకి రంగు మాత్రమే అంటితే వేరే రకం. రెండోది, సీసాలో పట్టి కదపకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టడం. మామూలు ఆకుపచ్చ నాచు అడుక్కి దిగుతుంది. నీలి ఆకుపచ్చ రకం, అంటే సైనోబ్యాక్టీరియా, ఒంట్లో గాలి బుడగలు దాచుకుని పైకి తేలుతుంది.

"పెరుగు పక్కన ఆ సీసా ఏంటమ్మాయ్?" అని అత్తయ్య. పొద్దున్నే చూపించాను. మెట్ల దగ్గరి సీసాలో పాచి అడుక్కి చేరింది. మురుగు దగ్గరి సీసాలో మెడ చుట్టూ చిక్కటి పచ్చ ఉంగరం తేలి ఉంది. పెరుగు వేరే అరలోకి మారింది. సీసాకి మాత్రం శాశ్వత బహిష్కరణ.

ల్యాబ్‌లో సార్ లేనప్పుడు మైక్రోస్కోపు కింద పెట్టాను. మెట్ల నాచు స్పైరోగైరా: గొట్టం లోపల స్ప్రింగులా చుట్టుకున్న పచ్చ రిబ్బను. ఇంటర్ బోటనీ రికార్డులో దీని బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాను, అసలుది చూడటం ఇదే మొదలు. రెండోది చిల్లులు పడ్డ స్పాంజి ముక్కల్లా ఉంది, ఒక్కో ముక్కలో వందల చుక్కలు. మైక్రోసిస్టిస్. వీటిలో కొన్ని రకాలు కాలేయాన్ని దెబ్బతీసే విషం తయారు చేస్తాయి. 2014 ఆగస్టులో అమెరికాలో ఈరీ సరస్సు ఒడ్డునున్న టొలీడోలో కుళాయి నీళ్లు తాగొద్దని దాదాపు 5 లక్షల మందికి చెప్పాల్సి వచ్చింది దీనివల్లే. ఆ విషం కాచితే పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

మార్చి 12

తెలివి చూపించబోయి బోర్లా పడ్డాను. నాచుకి తిండి నత్రజని, ఫాస్ఫరస్. మంచినీళ్లలో సాధారణంగా కొరతగా ఉండేది ఫాస్ఫరస్, కాబట్టి అది కొలవాలి. మా ల్యాబ్‌లో సీరం ఫాస్ఫరస్ కిట్ ఉండనే ఉంది! నది నీళ్లు పోశాను. సున్నా. మురుగు దగ్గరి నీళ్లూ సున్నాయే.

ఇంటికొచ్చి లెక్క వేసుకుంటే సిగ్గేసింది. మనిషి రక్తంలో నార్మల్ డెసీలీటరుకు 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాములు, అంటే లీటరుకు 25 నుంచి 45. చెరువు పచ్చబడటానికి లీటరుకు సుమారు 0.03 మిల్లీగ్రాములు చాలు. వెయ్యో వంతు. బియ్యం బస్తాలు తూచే కాటా మీద ముక్కుపుడక పెట్టినట్టు.

మార్చి 16, ఆదివారం

1962 నుంచీ ప్రపంచమంతా వాడుతున్న పద్ధతికే వచ్చాను: అమ్మోనియం మాలిబ్డేట్, పొటాషియం యాంటిమొనీ టార్ట్రేట్, సల్ఫ్యూరిక్ యాసిడ్, చివర్లో విటమిన్ సి. ఫాస్ఫేట్ (నీళ్లలో ఫాస్ఫరస్ కరిగి ఉండే రూపం) ఉంటే నీలం తిరుగుతుంది, ఎంత ఉంటే అంత నీలం. కెమికల్స్ షాపులో తెలిసినాయన కొంచెం కొంచెం తూచి ఇచ్చాడు. యాసిడ్ పనంతా మేడ మీద, కళ్లద్దాలు, గ్లవ్స్ వేసుకునే. పిల్లలున్న ఇంట్లో దీన్ని సరదా పనిగా తీసుకోవద్దు.

మొదటి ఫలితం: నది నీళ్లు లేత నీలం. ఏమీ ఉండకూడని డిస్టిల్డ్ వాటర్ ముదురు నీలం!

డిస్టిల్డ్ వాటర్ క్యాను మార్చాను. మళ్లీ నీలమే. విటమిన్ సి కొత్తది తెచ్చాను. నీలమే. గంటన్నర బుర్ర బద్దలు కొట్టుకున్నాక, మెట్ల మీద కూర్చుని చూస్తున్న మావాడు (తొమ్మిదో తరగతి) అన్నాడు: "అమ్మా, ఆ సీసాలు దేంతో కడిగావు?"

సబ్బుపొడితో. ఆ పొడిలోనే ఫాస్ఫేట్ ఉంది. ఎంత కడిగినా గాజుకి పల్చగా ఒక పొర అతుక్కుని ఉంటుంది, నేను కొలిచింది దాన్ని. నది నీళ్ల సీసాని తొందరలో ఉత్త నీళ్లతో తొలిచాను కాబట్టి అది బతికిపోయింది. పదిహేనేళ్ల సర్వీసు. ఇప్పుడు సీసాలన్నీ పల్చటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో రాత్రంతా నానుతున్నాయి, దగ్గర్లోకి సబ్బు రానివ్వడం లేదు.

మార్చి 23, ఆదివారం

రంగు చిక్కదనం కొలిచే కలరీమీటరుతో లాభం లేదని తేలింది. సెంటీమీటరు మందం ట్యూబులో 0.03కి వచ్చే నీలం మీటరుకి ఆనదు, సూది ఊగులాటలో కలిసిపోతుంది. అందుకని పాతకాలపు దారి పట్టాను: నెస్లర్ గొట్టాలు. జానెడు పొడవు, అడుగుభాగం చదును. కింద తెల్ల కాగితం పెట్టి పైనుంచి లోపలికి చూడాలి. జానెడు లోతు నీళ్లలోంచి చూస్తాం కాబట్టి ఎంత లేత నీలమైనా కంటికి అందుతుంది.

పోల్చుకోవడానికి స్టాండర్డు కావాలి. పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 0.2195 గ్రాములు లీటరు నీళ్లలో కరిగిస్తే లీటరుకు 50 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్. దాన్ని పలచన చేస్తూ 0.01, 0.02, 0.05, 0.1 గొట్టాలు వరసగా నిలబెట్టాను. పొద్దుటెండ ఏటవాలుగా పడి నాలుగు గొట్టాలూ, ఆకాశంలోంచి నాలుగు రకాల ముక్కలు కోసి పెట్టినట్టున్నాయి. కాసేపు పని ఆపేసి చూస్తూ ఉండిపోయాను.

నీళ్లు మూడుచోట్ల పట్టాను. ఘాట్ల పేర్లు రాయను. మేడ మీద గొట్టాలతో తేల్చిన అంకె పట్టుకుని ఒక చోటి మీద మచ్చ వేయకూడదు. పడవ మీద లోపలికెళ్లి పట్టినవి: 0.02 గొట్టానికి దగ్గర. మురుగు కలిసేచోట: పదింతలు పలచన చేసినా ముదురు నీలం. మెట్ల దగ్గర, నాచు అన్నిటికన్నా దట్టంగా ఉన్నచోట: తెల్ల కాగితం తెల్లగానే ఉంది. 0.01 కూడా లేదు.

నాచు ఎక్కడ ఎక్కువో అక్కడే ఫాస్ఫేట్ లేదు. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అదే.

మార్చి 25

రాత్రి పడుకున్నాక వెలిగింది. పెళ్లి భోజనాలయ్యాక వంటశాలకి వెళ్లి గిన్నెలు ఖాళీగా ఉన్నాయి కాబట్టి ఇవాళ వంటే చేయలేదంటే ఎలా ఉంటుంది? తిండి గిన్నెల్లో లేదు, కడుపుల్లో ఉంది. ఫాస్ఫరస్ కూడా అంతే. నీళ్లలో కరిగి ఉన్నదాన్ని నాచు ఎప్పుడో మింగేసింది. నేను నాచుని వడకట్టి పారేసి, మిగిలిన నీళ్లు పరీక్షించి, శుభ్రంగా ఉన్నాయని మురిసిపోతున్నాను.

కాబట్టి నాచుని కూడా కలిపి ఉడికించాలి. మొత్తం ఫాస్ఫరస్ కొలవడానికి పొటాషియం పర్‌సల్ఫేట్, కొంచెం యాసిడ్ వేసి, ఒత్తిడిలో ఆవిరితో ఉడికించే ఆటోక్లేవ్‌లో 120 డిగ్రీల దగ్గర అరగంట పెడతారు. ల్యాబ్ ఆటోక్లేవ్‌లో కాలువ నీళ్లు పెడితే ఉద్యోగం ఊడుతుంది. ప్రెషర్ కుక్కర్ ఒత్తిడీ దాదాపు అంతే. అత్తయ్య మొహం చూసి అడగకుండానే వన్‌టౌన్ వెళ్లి సెకండ్‌హ్యాండ్ కుక్కరు కొన్నాను. దాని మూత మీద ఎర్ర పెయింటుతో "పప్పుకి కాదు" అని రాశాడు మావాడు.

సీసాల మూతలు వదులుగా పెట్టి, అడుగున నీళ్లు పోసి, మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించి అరగంట. పచ్చటి నీళ్లు తేటగా మారి బయటికొచ్చాయి. సోడా కలిపి యాసిడ్ విరిచి, మాలిబ్డేట్ పోసి పది నిమిషాలు ఆగాను.

తెల్ల కాగితం తెల్లగా కనపడిన ఆ నీళ్లే, 0.1 గొట్టాన్ని దాటేశాయి. సగానికి పలచన చేస్తే సరిగ్గా 0.1. అంటే 0.2.

ఇంట్లో నీళ్లు పరీక్షించుకునే కిట్లు కొని "ఫాస్ఫేట్ నిల్" అని నిశ్చింతగా ఉండేవాళ్లకి ఈ ఒక్క సంగతి చెప్పాలనిపిస్తోంది. పచ్చటి నీళ్లలో నిల్ వస్తే సంతోషించకండి. అది ఖాళీ విస్తరి.

మార్చి 30, ఉగాది

పచ్చడి తిని మేడెక్కాను. రెండు లీటర్ల గాజు సీసాలు నాలుగు. నదిలో లోపలి నుంచి పట్టిన నీళ్లు, నాచుని మేసే నలుసు పురుగులు రాకుండా పల్చటి గుడ్డలో వడకట్టి పోశాను. మొదటిదాంట్లో ఏమీ కలపలేదు. రెండోదాంట్లో యూరియా మాత్రమే. మూడోదాంట్లో ఫాస్ఫేట్ మాత్రమే, లీటరుకు 0.2 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ వచ్చేలా. నాలుగోదాంట్లో రెండూ.

ఇది నా సొంత ఐడియా కాదు. 1973లో కెనడాలోని ఆంటారియోలో డేవిడ్ షిండ్లర్ బృందం 226 నంబరు సరస్సుకి నడుమ ప్లాస్టిక్ తెర కట్టింది. ఒకవైపు కార్బన్, నత్రజని. రెండోవైపు ఆ రెండిటితోపాటు ఫాస్ఫరస్. ఆకాశం నుంచి తీసిన ఫొటోలో ఒక సగం నల్లటి తేట నీరు, ఫాస్ఫరస్ పడ్డ సగం పచ్చ. సబ్బుల కంపెనీలు ఫాస్ఫరస్‌ది తప్పు కాదని వాదిస్తున్న రోజులవి. ఆ ఒక్క ఫొటో చాలా వాదనలు కట్టిపెట్టింది. వాళ్లకి సరస్సు, నాకు సీసాలు.

ఏప్రిల్ 4

ఏమీ కలపని సీసా అన్నిటికన్నా ముందు పచ్చబడింది. గుండె గతుక్కుమంది. వంగి చూస్తే మూతికి కట్టిన గుడ్డ జారి ఉంది, సీసా అంచున తెల్లటి చార. పావురం.

ఒక్క రెట్ట, రెండు లీటర్లు, నాలుగు రోజులు. ప్రయోగం చెడింది గానీ ఇంత బాగా చెడిన ప్రయోగం ఇంకోటి లేదు. మావాడు ఆ సీసాకి "ఐదో మనిషి" అని చీటీ అంటించి పక్కన పెట్టాడు. ఏమీ కలపని సీసా మళ్లీ మొదటి నుంచి పెట్టాను, ఈసారి గుడ్డకి రబ్బరు బ్యాండు వేసి.

ఏప్రిల్ 6, శ్రీరామనవమి

పందిట్లో పానకం తాగొచ్చి పీహెచ్ (నీళ్ల పులుపు, క్షారం కొలత) పెన్ను ముంచాను. రెండూ కలిపిన నాలుగో సీసా: పొద్దున్నే ఆరింటికి 7.7. మధ్యాహ్నం మూడింటికి 9.3. ఎండలో నాచు నీళ్లలోని కార్బన్ డైయాక్సైడ్‌ని లాగేస్తుంటే పీహెచ్ ఎక్కుతుంది, రాత్రి ఊపిరి పీల్చి అది మళ్లీ వదిలితే దిగుతుంది. ఆక్సిజన్ కూడా పగలు పొంగి, తెల్లారేసరికి అడుగంటుతుంది. పగలు పది గంటలకి వెళ్లి శాంపిల్ పట్టుకొచ్చి "ఆక్సిజన్ బ్రహ్మాండం" అంటే అది సగం నిజం. తెల్లవారుజామున చేపనడగాలి.

ఏప్రిల్ 13, ఆదివారం

పద్నాలుగు రోజులు. యూరియా సీసాకీ కొత్తగా పెట్టిన ఉత్త సీసాకీ తేడా పట్టడానికి కళ్లు చిట్లించాలి. ఫాస్ఫేట్ సీసా లేత పచ్చ. రెండూ కలిపిన సీసా వెనకాల దినపత్రిక పెడితే హెడ్డింగు కూడా కనపడదు. అంటే నా నీళ్లకి తాళం ఫాస్ఫరస్ తీస్తుంది, ఆ తర్వాత తలుపు ఎంత తెరుచుకోవాలో నత్రజని చెబుతోంది.

ఇప్పుడు లెక్క. డీఏపీ ఎరువు బస్తా 50 కిలోలు, సంచి మీద 18-46-0. ఆ 46 శాతం ఫాస్ఫేట్ లెక్క. ఉత్త ఫాస్ఫరస్‌గా మారిస్తే బస్తాకి సుమారు 10 కిలోలు. లీటరుకు 0.03 మిల్లీగ్రాముల చొప్పున అది 33 కోట్ల లీటర్లకి సరిపోతుంది. బ్యారేజీ వెనకాల 3.07 టీఎంసీలంటే సుమారు 8,700 కోట్ల లీటర్లు. మొత్తానికి కావలసింది 2.6 టన్నుల ఫాస్ఫరస్, 260 బస్తాలు. ఒక్క లారీలో పట్టేస్తాయి.

ఇంకో లెక్క మా ల్యాబ్ రిపోర్టులోనే ఉంది. 24 గంటల మూత్రంలో ఫాస్ఫరస్ నార్మల్: 0.4 నుంచి 1.3 గ్రాములు. ఇన్నేళ్లుగా టైపు చేస్తున్న లైను. మనిషికి గ్రాము అనుకుందాం. 2011 జనాభా లెక్కలకే విజయవాడ 10 లక్షలు దాటింది. రోజుకి ఒక టన్ను! ఊరి మురుగంతా బ్యారేజీ వెనక్కి రాదు. కొంత శుద్ధి అవుతుంది, కొంత కాలువల్లోకి, కొంత బుడమేరులోకి పోతుంది. కాబట్టి ఇది భయపెట్టడానికి చెప్పే అంకె కాదు, ఎంత కొంచెంతో ఎంత పని జరుగుతుందో తెలియడానికి. రైతు డీఏపీ మీదకి వేలు చూపించేముందు మనం పొద్దున లేచి చేసే మొదటి పని కూడా లెక్కలోకి రావాలి.

బుడమేరు పేరు రాయగానే ఆగాను. ఆ నీళ్లు చివరికి పోయేది కొల్లేరుకి. వచ్చే ఆదివారం కైకలూరు, మా మేనమామ దగ్గరికి.

ఏప్రిల్ 20, ఆదివారం

మావయ్యకి అక్కడ చేపల చెరువు ఉంది. శీలావతి, బొచ్చె. తెల్లవారకముందే చేరాం. గట్టు మీద నిలబడితే నీళ్ల మీద చిటచిట చప్పుడు, వాన మొదలైనట్టు. వాన కాదు. చేపలు తలలు పైకి పెట్టి నోళ్లు తెరుస్తున్నాయి. మావయ్య ఒక్క ముక్క మాట్లాడకుండా పరుగెత్తి నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్లు ఆన్ చేశాడు. నా సీసాలో పీహెచ్ అంకెలుగా చూసింది ఇక్కడ ప్రాణాలతో కనపడింది.

ఎండెక్కాక నా సెక్కీ పళ్లెం తీశాను: పాత స్టీలు పళ్లేనికి నలుపు తెలుపు పెయింటు వేసి, తాడు కట్టి, తాడుకి పది సెంటీమీటర్లకో ముడి. 1865లో ఆంజెలో సెక్కీ అనే ఇటలీ ఫాదిరీ మధ్యధరా సముద్రంలో ముంచి చూసిన పద్ధతి. పళ్లెం ఎక్కడ మాయమైతే అక్కడ తాడు మీద గుర్తు. మావయ్య నవ్వాడు. పంచె ఎగ్గట్టి దిగి, చెయ్యి చాపి మోచేతి దాకా ముంచాడు.

"అరచెయ్యి కనపడకుండా పోతోందా? అదీ కావాల్సిన పచ్చదనం అమ్మడూ. మణికట్టు దగ్గరే మాయమైతే చిక్కబడ్డట్టు, మేత ఆపాలి. అరచెయ్యి తెల్లగా కనపడుతుంటే సూపర్ చల్లాలి."

నా తాడు 35 సెంటీమీటర్లు చూపించింది, ఆయన మోచెయ్యి కూడా ఇంచుమించు అంతే. నేను ఏ పచ్చదనాన్ని జబ్బు అంటున్నానో దాన్ని ఈయన డబ్బిచ్చి పెంచుతున్నాడు. సూపర్ ఫాస్ఫేట్, పేడ, పైగా చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు, కర్రలకి వేలాడదీసి. చెరువులో అది పంట. పట్టుబడి అయ్యాక ఆ నీళ్లు డ్రైన్‌లోకి తోడేస్తారు, అక్కడి నుంచి కొల్లేరు. గట్టు దాటగానే అదే పచ్చదనానికి పేరు మారిపోతుంది.

కొల్లేరు 2002 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల, అంటే ప్రపంచస్థాయిలో ముఖ్యమైనవని గుర్తించిన జాబితాలోది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పళ్లెంలా ఉన్న ఈ లోతులేని సరస్సుకి చుట్టుపక్కల ఏర్లూ డ్రెయిన్లూ నీళ్లు తెచ్చిపోస్తాయి. సముద్రంలోకి దారి మాత్రం ఒక్క ఉప్పుటేరు. లోపలికి పది వాకిళ్లు, బయటికి ఒక్కటి. 2006లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) లోపలి చెరువు గట్లు సర్కారు కొట్టేసిన సంగతి మావయ్య ఇప్పటికీ గొంతు తగ్గించే చెబుతాడు. అందులో ఎవరిది న్యాయమో తేల్చే పని నా గొట్టాలది కాదు.

వచ్చేముందు ఒక మాటన్నాడు: "ఊళ్లో మీరు వదిలింది కూడా మా దగ్గరికే వస్తుందిగా." నేనేమీ అనలేదు.

ఏప్రిల్ 27

కాలువలకి నీళ్లు ఆపేశారు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ అన్నీ మడుగులు మడుగులుగా మిగిలాయి. ఒక్కో మడుగు ఒక్కో రంగు. నాలుగు సబ్బుపొళ్లు చెంచా చొప్పున నీళ్లలో కలిపి పరీక్షించాను. మా వీధి కొట్లో విడిగా అమ్మేది కారునీలం. పేరున్నవాటిలో రెండు దాదాపు తెలుపు, ఒకటి నడుమ. వెలకీ నీలానికీ సంబంధం కనపడలేదు.

మే 4, ఆదివారం

అసలు అనుమానం బురద మీద. నీళ్లలో లేదు, నాచులో ఉంది, సరే. నాచు చచ్చాక? అడుక్కి పోతుంది. అక్కడ?

ఒడ్డు దగ్గర నుంచి నల్ల బురద తెచ్చి రెండు సీసాల్లో నాలుగు వేళ్ల మందాన వేశాను. పైన వడకట్టిన నీళ్లు. ఒకదానికి అక్వేరియం పంపుతో గాలి. రెండోది మూతిదాకా నింపి, గట్టిగా బిరడా బిగించి, చీకట్లో మంచం కింద. అత్తయ్యకి చెప్పలేదు.

మే 18, ఆదివారం

మంచం కింది సీసా తెరిచాను. కుళ్లిన కోడిగుడ్డు వాసన ఇల్లంతా. అత్తయ్యకి తెలిసిపోయింది.

గాలి పెట్టిన సీసాలో బురద పైన పల్చగా తుప్పు రంగు పొర, గోధుమ రంగు మీగడలా. ఇనుము. ఆక్సిజన్ ఉన్నంతసేపు ఆ తుప్పు ఫాస్ఫేట్‌ని పట్టుకుని కూర్చుంటుంది. ఈ నీళ్లు గొట్టంలో 0.02 కూడా లేవు. గాలి లేని సీసాలో ఆ పొరే లేదు, బురద పైదాకా నలుపు. ఆక్సిజన్ అయిపోగానే తుప్పు కరిగింది, పట్టు వదిలింది. ఆ నీళ్లు మేడ మీద గిలకొట్టి, వాసన పోయేదాకా ఉంచి పరీక్షిస్తే, ఇరవై ఇంతలు పలచన చేశాక గానీ నీలం గొట్టాల వరసలోకి రాలేదు. ఆ సీసాలో బయటి నుంచి ఒక్క చుక్క కలపలేదు.

సియాటిల్ దగ్గర వాషింగ్టన్ సరస్సులోకి పోయే మురుగుని 1963 నుంచి 1968 దాకా అంచెలంచెలుగా మళ్లించారు. డెబ్బైలలో నీళ్లు తేటపడ్డాయి. లోతైన సరస్సు అది. మన కొల్లేరు లాంటివాటిలో గాలి గట్టిగా వీస్తే చాలు, అడుగు బురద పైకొస్తుంది. వరద ఒడ్డుని కడిగేస్తుందన్న ఆ వలాయన మాట బ్యారేజీకి సరిపోతుంది. కొట్టుకుపోయింది ఎక్కడో దిగుతుంది కదా.

మే 25, ఆదివారం

బురద సీసా నీళ్లు మార్చి మళ్లీ బిరడా పెట్టి వారం. మళ్లీ నీలం, కొంచెం తగ్గింది. ఇంకోసారి మార్చాను. ఎన్నిసార్లకి తెల్లబడుతుందో చూడాలి. సీసా ఇప్పుడు మేడ మీద గోనెసంచి కింద ఉంటోంది.

మావయ్య బస్సులో సీసా పంపించాడు: చెరువు నీళ్లు, సూపర్ చల్లే రోజు దగ్గరపడిందట, చల్లాలా వద్దా చెప్పమని. వడకట్టి చేస్తే 0.01. ఉడికిస్తే ఐదింతలు పలచన చేయాల్సొచ్చింది. ఫోన్‌లో చెప్పాను: "ఉంది మావయ్యా, బోలెడు ఉంది. చేపల తిండిలో, నాచులో, అడుగున. ఇప్పుడప్పుడే వెయ్యకు." కాసేపు మాట్లాడలేదు. "చేపలు ఎదగకపోతే నువ్విస్తావా డబ్బులు?" అన్నాడు. రోజూ మోచెయ్యి ముంచి చూసి చెప్పమన్నాను.

మూడు రోజులుగా ఫోన్ చేస్తున్నాడు. అరచెయ్యి ఇంకా కనపడటం లేదట. సూపర్ బస్తా షెడ్డులోనే ఉంది, మూతి కుట్టు విప్పి.